ఫ్లాప్స్‌కి బ్యాకప్ పెట్టేముందు, ఫ్లాప్‌ని ఆపడం ఎలాగో తేల్చుకో

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వు కడుతున్నది ఆర్‌వీ-7, ఇంట్లో కట్టుకునే కిట్ విమానం, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) దశలో ఉన్నావు, ఫ్లాప్స్, అంటే నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక అంచున కిందకి దించే పలకలు, ఎలక్ట్రిక్ మోటారువి, వాటి మెయిన్ స్విచ్ స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) మీద. దానికి బ్యాకప్‌గా ప్యానెల్ మీద ఇంకో స్విచ్ పెట్టి అవే మోటారు వైర్లకి కలిపేద్దామనుకుంటున్నావు, అది చాలదేమోనని ఎడమ ఫ్లాప్‌కి ఒక మోటారు కుడి ఫ్లాప్‌కి ఒక మోటారు పెడితే ఎలా ఉంటుందని అడిగావు, విడిగా చిన్న బ్యాటరీ కూడా కావాలా అన్నావు. నీ రన్‌వే 2,600 అడుగులే కాబట్టి ల్యాండింగ్‌కి వచ్చాక ఫ్లాప్స్ దిగకపోతే ఏంటి గతి అన్నది నీ భయం.

నేను కూడా సరిగ్గా ఆ భయంతోనే మొదలెట్టా. డల్లాస్ దగ్గర ఇంటి గరాజ్‌లో ఆరేళ్ళు కట్టి, పదకొండేళ్ళుగా అదే ఆర్‌వీ-7ఏ ఎగురుతున్నా. నా మొదటి వైరింగ్ బొమ్మలో ఫ్లాప్స్‌కి మూడు స్విచ్‌లు ఉండేవి. మా ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం) చాప్టర్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, ఎయిర్‌లైన్‌లో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఆ బొమ్మ చూసి ఒక్కటే అడిగారు, ఫ్లాప్ దానంతట అది కదులుతుంటే ఆపడానికి ఏం నొక్కుతావు అని. నా దగ్గర జవాబు లేదు. దించడానికి మూడు దారులు పెట్టుకున్నా, ఆపడానికి ఒక్కటీ పెట్టుకోలేదు. నీ ప్లాన్‌లో కూడా అదే లోటు కనిపిస్తోంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఫ్లాప్స్ ఎన్ని రకాలుగా పాడవుతాయో ముందు చూద్దాం. దిగాల్సినప్పుడు దిగకపోవడం ఒకటి. దిగాక మళ్ళీ లేవకపోవడం ఇంకోటి. ఎవరూ అడక్కుండా వాటంతట అవే కదలడం మూడోది. ఒకటి దిగి ఇంకోటి దిగకపోవడం నాలుగోది. నువ్వు భయపడేది మొదటిదానికి, కానీ ఈ నాలుగింటిలో అన్నిటికన్నా తేలిగ్గా బయటపడేది అదే. ఫ్లాప్స్ లేకుండా ల్యాండ్ అవ్వడం ప్రతి పైలట్‌కీ నేర్పే విషయమే. చివరి రెండు మాత్రం ప్రాణం మీదకి తెచ్చేవి. చిక్కేంటంటే, మొదటిదాని కోసం నువ్వు కలిపే ప్రతి వైరూ, ప్రతి స్విచ్చూ మూడోదానికి ఇంకో దారి తెరుస్తుంది. ఇంటికి పెరటి తలుపు పెట్టించుకుంటే దానికీ గడియ కావాలి కదా, ఇదీ అంతే.

లెక్క చూడు. ఆర్‌వీ-7కి పూర్తి ఫ్లాప్స్ లిమిట్ గంటకి 100 మైళ్ళు, అంటే 87 నాట్లు. సగం ఫ్లాప్స్‌కి 110 మైళ్ళు. నువ్వు క్రూయిజ్‌లో 165 నాట్ల మీద పోతుంటావు. గాలి ఒత్తిడి స్పీడ్‌కి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 165ని 87తో భాగించి వర్గం చేస్తే 3.6 వస్తుంది. అంటే ఫ్లాప్, దాని హింజ్, దాన్ని తోసే కడ్డీ (పుష్‌రాడ్), అవి బిగించిన రిబ్బు, అన్నీ ఏ లోడ్‌కి లిమిట్ పెట్టారో దానికి మూడున్నర రెట్ల పైన పడుతుంది. మోటారుకి అంత బలం లేదులే, మధ్యలోనే ఆగిపోతుందిలే అని ఎవరో అంటే నమ్మకు, నువ్వు కొలిచి చూడలేదు కదా. నా దాంట్లో ఫ్లాప్ పై నుంచి పూర్తిగా కిందకి రావడానికి 8 సెకన్లు పడుతుంది. మ్యాప్ చూసుకుంటూనో, పక్కనున్నవాళ్ళతో మాట్లాడుతూనో ఉంటే మొదటి మూడు నాలుగు సెకన్లు ఇట్టే పోతాయి, ముక్కు కిందకి వంగుతోంది ఏంటబ్బా అనుకునేలోపు సగం దిగిపోయి ఉంటుంది.

ఇది నాకు హ్యాంగర్‌లో జరిగింది, గాల్లో జరగలేదు, దేవుడి దయ. నాలుగో ఏడాది అనుకుంటా, ప్రీఫ్లైట్‌లో (ఎగరబోయే ముందు తనిఖీలో) ఫ్లాప్స్ దించి హింజ్‌లు చూద్దామని స్విచ్ నొక్కి వదిలేశా, ఫ్లాప్ ఆగలేదు. అలా దిగుతూనే పోయింది, చివరికి చేరాక కూడా మోటారు రొద ఆగలేదు. స్విచ్ అటూ ఇటూ కొట్టా, లాభం లేదు. అప్పట్లో నా ఫ్యూజు బ్లాకు ప్యానెల్ వెనక ఉండేది, చెయ్యి అందదు. చివరికి మొత్తం కరెంటు ఆపే మాస్టర్ స్విచ్ ఆఫ్ చేస్తే గానీ ఆగలేదు. రిలే, అంటే చిన్న స్విచ్‌తో మోటారు కరెంటుని నడిపే డబ్బా, ఊడదీసి కట్టర్‌తో కోసి చూస్తే లోపల కాంటాక్టులు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి, చిన్న నల్లటి పూస లాగా. స్క్రూడ్రైవర్‌తో నెడితే టక్కుమని విడిపోయింది.

అది చూడగానే నాకు మా ఊళ్ళో బోరు మోటారు స్టార్టర్ గుర్తొచ్చింది. పల్లెటూళ్ళో పెరిగిన వాళ్ళకి తెలుస్తుంది, కరెంటు వచ్చీ పోతూ ఉంటే స్టార్టర్‌లో కాంటాక్టులు టపటపా కొట్టుకుని ఏదో ఒక రోజు అతుక్కుపోతాయి, ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు, నాన్న పరిగెత్తుకుంటూ వెళ్ళి ఫ్యూజులు పీకేవాడు. ఆ ఫ్యూజు క్యారియర్లు మనిషి నిలబడితే చేతికందే ఎత్తులో ఉండేవి. నేను ఇంజనీరింగ్ చదివి విమానం కట్టి, ఫ్యూజుని మాత్రం చెయ్యి అందని చోట పెట్టుకున్నా.

కారణం కూడా చెప్తా, నువ్వు రిలేలు, స్విచ్‌లు కొనేటప్పుడు పనికొస్తుంది. నేను వాడిన రిలే మీద 10 ఆంప్స్ 250 వోల్ట్స్ ఏసీ అని రాసి ఉంది, 14 వోల్ట్‌లకి ఇది చాలా ఎక్కువ కదా అనుకున్నా. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లో 120 సార్లో సున్నా అవుతుంది కాబట్టి కాంటాక్టు తెరిచినప్పుడు వచ్చే ఆర్క్ దానంతట అదే ఆరిపోతుంది. డీసీలో సున్నా అన్నదే లేదు, ఆర్క్ సాగుతుంది, పైగా మోటారు లాంటి కాయిల్ లోడ్ అయితే ఇంకా ఎక్కువ, మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలు కన్నా చాలా రెట్లు ఉంటుంది, అప్పుడే కాంటాక్టు అతుక్కునేది. కాబట్టి డీసీ మోటారు లోడ్‌కి ఎంత అని విడిగా రాసి ఉంటేనే కొను, రాసి లేకపోతే అది నీకు పనికొచ్చే వస్తువు కాదనుకో.

ఇప్పుడు రెండు మోటార్ల సంగతి. వద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాతో వాదించకు. ఆర్‌వీలో ఒకే మోటారు మధ్యలో ఉంటుంది, అది అడ్డంగా ఉన్న టార్క్ ట్యూబ్‌ని తిప్పుతుంది, ఆ ట్యూబ్ రెండు చివర్ల నుంచి రెండు పుష్‌రాడ్‌లు రెండు ఫ్లాప్‌లకి వెళ్తాయి. మోటారు పోయినా, పిచ్చిపట్టి తిరిగినా, రెండు ఫ్లాప్‌లూ కలిసే ఉంటాయి. ఆ స్టీల్ ట్యూబ్ నీకున్న గొప్ప సేఫ్టీ, దానికి కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చెరో మోటారు పెట్టావంటే రెండూ ఒకే వేగంతో తిరుగుతాయన్న గ్యారంటీ లేదు, ఒకదాని కనెక్టర్ వదులైతే చాలు, ఎడమ ఫ్లాప్ 40 డిగ్రీలు, కుడి ఫ్లాప్ సున్నా. ఫైనల్‌లో (రన్‌వేకి నేరుగా దిగే ఆఖరి దారిలో) 65 నాట్ల మీద, 400 అడుగుల ఎత్తులో అది జరిగితే రోల్ (పక్కకి తిరగబడడం) ఆపడానికి రెక్క చివరి పలక, ఎయిలరాన్, చాలుతుందో లేదో అక్కడ తెలుసుకునే పని పెట్టుకోవద్దు.

సర్టిఫైడ్ చిన్న విమానాలకి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రూల్స్‌లో పార్ట్ 23 అని ఉంటుంది కదా, 2017లో దాన్ని తిరగరాయకముందు 23.701 అని ఒక సెక్షన్ ఉండేది. రెండు వైపుల ఫ్లాప్‌లనీ మోటారుతో సంబంధం లేకుండా మెకానికల్‌గా ఒకదానికొకటి కలపాలి, లేదంటే విమానాన్ని ప్రమాదంలో పడేసేలా ఫ్లాప్ వ్యవస్థ పాడయ్యే అవకాశం దాదాపు లేదని చూపించాలి, అదీ కాకపోతే ఒకటి పూర్తిగా దిగి ఇంకోటి పూర్తిగా లేచి ఉన్నా విమానం సేఫ్‌గా ఎగురుతుందని చూపించాలి. దానికి కాస్త ముందు 23.697 ఉంటుంది, ఫ్లాప్ ఒక పొజిషన్‌లో పెట్టాక పైలట్ కంట్రోల్ కదిపితే తప్ప అక్కడి నుంచి కదలకూడదు, లోడ్ తగ్గించే ఆటోమేటిక్ పరికరం ఏదైనా ఉంటే అదొక్కటే మినహాయింపు. మనవి హోంబిల్ట్‌లు, ఈ రూల్స్ మనకి వర్తించవు, నీ విమానం నీ ఇష్టం. కానీ ఈ రెండు సెక్షన్లూ ఒకసారి చదివి బ్యాకప్ గీయడం మొదలెట్టు.

అసమానంగా కదలడం ఎంత ప్రమాదమో పెద్ద విమానాల్లో కళ్ళారా చూశారు. 1979 మే 25న షికాగో ఓహేర్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191, డీసీ-10, టేకాఫ్‌లో ఎడమ ఇంజన్ దాన్ని రెక్కకి పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడిపోయింది. ఊడుతూ హైడ్రాలిక్ లైన్లు తెంపేసింది, ఎడమ రెక్క ముందంచున బయటి వైపున్న స్లాట్‌లు (ముందుకి చాచే పలకలు) గాలి తోపుకి వెనక్కి ముడుచుకుపోయాయి, కుడివి అలాగే ఉన్నాయి. ఎడమ రెక్క ముందుగా స్టాల్ అయింది, అంటే ఎత్తి పట్టే బలం పోయింది, విమానం అటువైపు తిరగబడింది. నేల మీద ఇద్దరితో కలిపి 273 మంది చనిపోయారు. హైడ్రాలిక్ ప్రెషర్ పోతే ఆ స్లాట్‌లని పట్టి ఉంచే మెకానికల్ లాక్ ఏదీ వాటికి లేదు. మన ఫ్లాప్ మోటారులో ఉన్న స్క్రూ లారీ జాకీ లాంటిది, నువ్వు తిప్పితే లేస్తుంది గానీ పైనుంచి ఎంత బరువు తోసినా వెనక్కి తిరగదు. ఆ గుణం పోగొట్టే డిజైన్ ఏదీ పెట్టకు. చేత్తో తిప్పే హ్యాండిల్ పెడదాం, మధ్యలో క్లచ్ పెట్టి మోటారుని విడదీద్దాం అని కొందరు అంటారు. ఆ క్లచ్ జారిన రోజు నీ ఫ్లాప్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు.

ఇక నీ ప్యారలల్ స్విచ్ దగ్గరికొద్దాం. మోటారుకి రెండే వైర్లు. ఒకదానికి ప్లస్, ఇంకోదానికి గ్రౌండ్ ఇస్తే దిగుతుంది, తిప్పి ఇస్తే లేస్తుంది. డీపీడీటీ స్విచ్, అంటే రెండు వైర్లని ఒకేసారి అటో ఇటో మార్చేది, మధ్యలో ఆఫ్, నొక్కి ఉంచినంతసేపే పనిచేసి వదిలితే మధ్యకొచ్చే రకం, వెనక కాళ్ళకి అడ్డంగా రెండు జంపర్లు వేస్తే పోలారిటీ తిరగబడుతుంది, అందరం చేసేదే. అలాంటివి రెండు ఒకే మోటారు వైర్లకి కలిపావనుకో. నువ్వు ప్యానెల్ మీద కిందకి నొక్కావు, అదే క్షణంలో పక్క సీట్లో ఉన్నతని చెయ్యి స్టిక్ స్విచ్‌కి తగిలి పైకి నొక్కుకుంది. ఒక స్విచ్ ఆ వైరుకి ప్లస్ ఇస్తోంది, ఇంకోటి అదే వైరుని గ్రౌండ్ చేస్తోంది, నేరుగా షార్ట్. ఫ్యూజు పోతే మెయిన్ పోయింది, బ్యాకప్ కూడా పోయింది, ఎందుకంటే రెండూ ఒకే ఫ్యూజు మీద ఉన్నాయి. ఒక స్విచ్ కాంటాక్టు అతుక్కుని రెండోదాంతో సరిచేద్దామని నొక్కినా ఇదే జరుగుతుంది. బ్యాకప్ అవసరమైన రోజే బ్యాకప్ షార్ట్ అవుతుందన్నమాట.

నేను తర్వాత మార్చి పెట్టుకున్నది చెప్తా, ఏడేళ్ళుగా అదే నడుస్తోంది. మెయిన్ దారిలో రెండు సింగిల్ పోల్ రిలేలు. మోటారు ఒక వైరు మొదటి రిలే కామన్ కాలుకి (అటూ ఇటూ మారేది), రెండో వైరు రెండో రిలే కామన్‌కి. రెండింట్లోనూ నార్మల్లీ క్లోజ్డ్ కాలు (నొక్కనప్పుడు కలిసి ఉండేది) గ్రౌండ్‌కి, నార్మల్లీ ఓపెన్ కాలు (నొక్కితేనే కలిసేది) ప్లస్‌కి. ఏదీ నొక్కనప్పుడు మోటారు రెండు వైర్లూ గ్రౌండ్‌లోనే ఉంటాయి, మోటారు ఇంకా తిరుగుతుంటే అది పుట్టించే కరెంటే దానికి బ్రేక్ అవుతుంది, టక్కున ఆగుతుంది. పొరపాటున రెండూ ఒకేసారి నొక్కినా రెండు వైర్లకీ ప్లస్సే వెళ్తుంది, మోటారు కదలదు, షార్ట్ కూడా అవ్వదు. ఇందులో ఇంకో మేలుంది. ‘కిందకి’ రిలే అతుక్కుపోయి ఫ్లాప్ దిగుతోందనుకో, మనిషి అసంకల్పితంగా ‘పైకి’ నొక్కుతాడు, అప్పుడు రెండు వైపులా ప్లస్ అయి ఫ్లాప్ ఉన్నచోటే నిలబడిపోతుంది. వెనక్కి రాదు, కానీ ఆగుతుంది. వేలు తియ్యకుండా రెండో చేత్తో బ్రేకర్ (ఫ్యూజు బదులు పెట్టేది, పిడి లాగితే కరెంటు తెగుతుంది) లాగడానికి టైం దొరుకుతుంది. రిలే కాయిల్స్‌కి అడ్డంగా తలా ఒక మామూలు డయోడ్ పెట్టు, 1ఎన్4007 చాలు, లేకపోతే కాయిల్ వదిలేటప్పుడు వచ్చే స్పైక్‌కి స్టిక్ మీదున్న చిన్న స్విచ్ కాంటాక్టులు నెమ్మదిగా తినేస్తాయి.

ఆ రెండు రిలేలకీ మోటారుకీ మధ్యలో ఒక ట్రాన్స్‌ఫర్ స్విచ్, డీపీడీటీ, ఆన్ ఆఫ్ ఆన్, ఏ పొజిషన్‌లో పెడితే అక్కడే నిలిచేది, పిడి బయటకి లాగితే గానీ కదలని లాకింగ్ రకం. కామన్ కాళ్ళు రెండూ మోటారుకి. పై పొజిషన్‌లో మోటారు మెయిన్ రిలేలకి కలుస్తుంది, కింది పొజిషన్‌లో బ్యాకప్ స్విచ్‌కి కలుస్తుంది. మధ్య పొజిషన్‌లో మోటారు రెండు వైర్లూ దేనికీ తగలకుండా గాల్లో ఉంటాయి. ఆ మధ్య పొజిషనే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ పెద్దాయన అడిగినదానికి అదే నా జవాబు. ఏ రిలే అతుక్కున్నా, ఏ కంట్రోలర్ బాక్సు పిచ్చిగా ప్రవర్తించినా, ఏ వైరు ఎక్కడ రాసుకుపోయి ప్లస్‌కి తగిలినా, ఆ స్విచ్ మధ్యలో పెడితే ఫ్లాప్ ఆగుతుంది. మెయిన్ పూర్తిగా విడిపోయాకే బ్యాకప్ తగులుతుంది కాబట్టి రెండూ కొట్టుకునే ప్రశ్నే లేదు. మోటారు నడుస్తుండగా తెంచాల్సి వస్తుంది కాబట్టి దీనికీ డీసీ రేటింగ్ చూసుకో. స్విచ్ నుంచి మోటారుకి వెళ్ళే ఆ ఆఖరి రెండు వైర్లు మాత్రం ఎక్కడా రాసుకోకుండా విడిగా స్లీవ్‌లో పంపించు, అక్కడ తేడా వస్తే ఈ స్విచ్ కూడా కాపాడలేదు.

బ్యాకప్ స్విచ్‌కి రిలే లేదు, కంట్రోలర్ లేదు, స్పీడ్ చూసే తెలివి లేదు. నేరుగా పోలారిటీ తిప్పే మొమెంటరీ స్విచ్, దానికి సొంత 10 ఆంప్స్ బ్రేకర్, సొంత గ్రౌండ్ వైరు, 18 గేజ్ టెఫ్జెల్ పూత వైరు. ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 43.13-1బీ టేబుల్‌లో 18 గేజ్‌కి 10 ఆంప్స్ బ్రేకరే ఉంది, అంతకన్నా పెద్దది వెయ్యకు, బ్రేకర్ ఉన్నది వైరుని కాపాడడానికి. రెండు బ్రేకర్లూ లాగే రకమే, కళ్ళు మూసుకుని చెయ్యి చాచినా తగిలే చోట, పిడికి రంగు రింగు వేసి పెట్టు. మెయిన్‌కీ బ్యాకప్‌కీ గ్రౌండ్ ఒకే బోల్టు మీద వెయ్యకు, ఆ బోల్టు వదులైతే రెండూ పోతాయి. విడి బ్యాటరీ అడిగావు కదా, ఫ్లాప్స్ కోసమైతే అక్కర్లేదు. ఆ బరువుకి, దాని ఛార్జింగ్ తలనొప్పికి తగ్గ లాభం లేదు. ఆల్టర్నేటర్ పోయినా మెయిన్ బ్యాటరీతో ఫ్లాప్స్ ఒకసారి దించుకోవచ్చు.

స్టిక్ మీద ఫ్లాప్ స్విచ్ పెట్టడం నీ ఇష్టం, నేను మాత్రం తీసేశా. ఒకసారి మా బావమరిదిని తీసుకెళ్ళా, తను కెమెరా తీసుకుందామని వంగినప్పుడు మోకాలు స్టిక్ గ్రిప్‌కి తగిలింది. అదృష్టం కొద్దీ అది ట్రిమ్ స్విచ్, ముక్కు కొద్దిగా పైకీ కిందకీ సర్దేది. అదే ఫ్లాప్ అయితే 160 నాట్ల మీద ఉన్నాం. ఇప్పుడు నా మెయిన్ ఫ్లాప్ స్విచ్ థ్రాటిల్ పక్కన ఉంది, పిడి ఫ్లాప్ ఆకారంలో చెక్కి పెట్టుకున్నా, చూడకుండా తెలుస్తుంది. స్టిక్ మీదే కావాలంటే కనీసం పక్క సీటు స్టిక్ మీది స్విచ్‌లని కట్ చేసే స్విచ్ ఒకటి పెట్టుకో. స్పీడ్ ఎక్కువుంటే ఫ్లాప్ దిగనివ్వని కంట్రోలర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, మెయిన్ దారిలో అవి మంచివే. కానీ స్పీడ్ కొలిచే పిటాట్ గొట్టంలో కందిరీగ గూడు పెడితే ఆ బాక్సుకి స్పీడ్ తప్పు తెలుస్తుంది, అప్పుడు అవసరానికి దిగకపోవచ్చు, అందుకే బ్యాకప్ దారిలో దాన్ని పెట్టొద్దంటున్నా. అలా చేస్తే బ్యాకప్‌కి అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు కాబట్టి దాని మీద ఎత్తి నొక్కే కవర్ వేసి, పక్కనే 87 నాట్లు అని రాసి పెట్టు.

ఇంత చేసినా ఈ బ్యాకప్ కాపాడేది స్విచ్, రిలే, కంట్రోలర్, వాటి వైర్లు, అంతవరకే. మోటారు ఒకటే, గేర్లు ఒకటే, స్క్రూ ఒకటే, పుష్‌రాడ్‌లు అవే. పదకొండేళ్ళలో నాకు ఫ్లాప్స్ దిగకపోవడం రెండుసార్లు జరిగింది, ఆ రెండుసార్లూ బ్యాకప్ స్విచ్ ఏమీ చెయ్యలేకపోయింది. ఒకసారి గేరు గ్రీజు మోటారు బ్రష్‌ల మీదకి పాకి, కమ్యుటేటర్ అంతా నల్లగా జిగురుగా అయిపోయింది, విప్పి తుడిస్తే మళ్ళీ తిరిగింది. ఇంకోసారి మోటారు దగ్గరి కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జరిగింది, నేను క్రింప్ చేసిందే, సరిగ్గా లాక్ అయిందో లేదో లాగి చూడలేదు.

అందుకే బ్యాకప్ మీద పెట్టే టైంలో సగం ఈ మెకానికల్ భాగం మీద పెట్టు. మోటారు స్క్రూ షాఫ్ట్ చివర రాడ్ ఎండ్ (బేరింగ్ ఉన్న కొన) ఉంటుంది కదా, ఆ షాఫ్ట్ తిరిగి తిరిగి రాడ్ ఎండ్‌లోంచి మర ఊడిపోయే ప్రమాదం ఉంది, సేఫ్టీ వైరు వెయ్యకుండా నేల కప్పెయ్యకు. కప్పేశాక అది కనిపించదు, ఏటా చేసే ప్రతి కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో కప్పు విప్పి చెయ్యి పెట్టి చూడాలి. బోల్టు తిరిగే చోట నైలాన్ లాక్‌నట్ వెయ్యకు, క్యాజిల్ నట్, కాటర్ పిన్ను వెయ్యి. పుష్‌రాడ్ చివర బేరింగ్ పక్కన పెద్ద వాషర్ ఒకటి పెడితే బేరింగ్ గుండు ఊడినా రాడ్ బోల్టు మీద నుంచి జారిపోదు. పుష్‌రాడ్ ఒక వైపు ఊడిందంటే టార్క్ ట్యూబ్ కూడా ఏమీ చెయ్యలేదు, ఆ ఫ్లాప్ గాలికి పైకి లేచిపోతుంది, ఇంకోటి కిందే ఉంటుంది. అందుకే ఫ్లాప్ దించేటప్పుడు విమానం ఒక పక్కకి ఒరిగితే ఆలోచించకుండా ఇందాకటి పొజిషన్‌కి తిరిగి తీసుకురా. ఫ్లాప్స్ ఎప్పుడూ కొంచెం కొంచెంగా దించు, రెక్కలు లెవెల్‌గా ఉన్నప్పుడు దించు, బేస్ (ఫైనల్‌కి ముందు రన్‌వేకి అడ్డంగా పోయే దారి) నుంచి ఫైనల్‌కి తిరుగుతూ దించొద్దు.

చేత్తో లాగే లివరు సంగతి కూడా అడిగేవాళ్ళుంటారు. పాత ఆర్‌వీ-4లో, చాలా ఆర్‌వీ-6లలో, పైపర్ చెరోకీలో ఉండేది అదే, దానంత నమ్మకమైనది ఇంకోటి లేదు, కరెంటే అక్కర్లేదు. కానీ అది మెయిన్‌గా ఉండాల్సినది, ఎలక్ట్రిక్‌కి బ్యాకప్‌గా అతికించేది కాదు. నీ కిట్ ఎలక్ట్రిక్‌కే వచ్చింది, అలాగే కట్టు.

ఇప్పుడు నీ 2,600 అడుగులు. నా విమానంలో నేను కొలిచిన స్టాల్ స్పీడ్ పూర్తి ఫ్లాప్స్‌తో 50 నాట్లు, ఫ్లాప్స్ లేకుండా 56. ఫైనల్‌లో 1.3 రెట్లు పెట్టుకుంటే 65కి బదులు 73. టచ్‌డౌన్‌లో మోసుకొచ్చే శక్తి 56 వర్గం బై 50 వర్గం, అంటే పాతిక శాతం ఎక్కువ. బ్రేకులు అరగదీయాల్సింది అంతే. అసలు కష్టం ఫ్లోట్‌లో ఉంటుంది, ఫ్లాప్స్ లేకపోతే డ్రాగ్ లేదు, ముక్కు ఎత్తుగా ఉండి రన్‌వే కనిపించదు, 5 నాట్లు ఎక్కువ తెస్తే విమానం రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది. ఫార్వర్డ్ స్లిప్ (విమానాన్ని గాలికి ఏటవాలుగా పెట్టి జారుతూ దిగడం) బాగా నేర్చుకో, ఎత్తు కరిగించడానికి అది ఉచితంగా వచ్చే ఫ్లాప్. ముందు 5,000 అడుగుల రన్‌వే మీద ఇన్‌స్ట్రక్టర్‌తో పది ఫ్లాప్‌లెస్ ల్యాండింగ్‌లు చెయ్యి, ఎక్కడ తాకావో, ఎక్కడ ఆగావో ప్రతిదీ రాసుకో, ఆ అంకెలు చూసి నీ 2,600 సరిపోతుందో లేదో నువ్వే తేల్చుకో. నాకైతే ఎదురుగాలి ఉంటే సరిపోతుంది, గాలి లేని వేసవి మధ్యాహ్నం నేను పక్క ఎయిర్‌పోర్ట్‌కి పోతా, అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేసి కారు తెమ్మంటా. నేను నెలకి ఒకసారి ఫ్లాప్స్ లేకుండా దిగుతూనే ఉంటా.

ఫ్లాప్స్ దిగాక లేవకుండా ఇరుక్కుపోయే కేసు జనం మర్చిపోతారు. పూర్తి ఫ్లాప్స్‌తో గో-అరౌండ్ (నేల తాకకుండా మళ్ళీ పైకెక్కడం) చేస్తే క్లైంబ్ బాగా తగ్గుతుంది. నీ ఇంజన్, నీ ప్రాప్‌తో నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుందో 3,000 అడుగుల ఎత్తులో కొలిచి రాసుకో. ఎక్కినా స్పీడ్ 87 దాటించడానికి లేదు, ఇంటికి పోదాంలే అనుకుంటే ఇంధనం చాలదు, దగ్గరున్న రన్‌వేకే దిగాలి.

టెస్టింగ్ నేల మీద మొదలెట్టు. డీసీ క్లాంప్ మీటర్ మోటారు వైరుకి తగిలించి ఫ్లాప్ దించు, కరెంటు రాసుకో. ఇద్దరు మనుషులు రెండు ఫ్లాప్‌ల కింద చేతులు పెట్టి మెత్తగా పైకి తోస్తుండగా మళ్ళీ దించు, ఎంత పెరిగిందో చూడు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ ఒక్కదాని మీద, లైట్లు రేడియోలు అన్నీ వేసి ఇంకోసారి. తర్వాత ఒకతన్ని కూర్చోబెట్టి, చెప్పకుండా నువ్వు వెనక నుంచి రిలేకి జంపర్ వేసి ఫ్లాప్ నడిపించు, అతను ఎన్ని సెకన్లలో ఆపుతాడో చూడు, తర్వాత నువ్వు కూర్చో. నాకు మొదటిసారి 5 సెకన్లు పట్టింది, స్విచ్ జాగా మార్చాక 2కి వచ్చింది. ప్రీఫ్లైట్‌లో ట్రాన్స్‌ఫర్ స్విచ్ మూడు పొజిషన్లూ చూడడం 20 సెకన్ల పని, మధ్యలో పెట్టి మెయిన్ నొక్కితే కదలకూడదు. గాల్లో చేసేవాటికి ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 90-89 చదివి ఫేజ్ 1 (కొత్త విమానాన్ని ఎగిరి పరీక్షించే మొదటి దశ) కార్డుల్లో రాసి పెట్టుకో. ఈ వైరింగ్ ఏదైనా ఇప్పుడే చెయ్యి, సర్టిఫికెట్ వచ్చాక మార్చితే అది మేజర్ ఛేంజ్ కింద పడి మళ్ళీ ఫేజ్ 1కి పోవాల్సి రావచ్చు.

ఒక్క క్రింప్ కూడా వెయ్యకముందు పూర్తి బొమ్మ కాగితం మీద గీసి నాకు పంపు. గీశాక ఎర్ర పెన్ను తీసుకుని, బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు దాకా కరెంటు వెళ్ళగలిగే ప్రతి దారీ, వైరు రాసుకుపోతే తెరుచుకునే దారులతో సహా, గీత గియ్యి. ఆ గీతల్లో ట్రాన్స్‌ఫర్ స్విచ్ గుండా వెళ్ళనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అది కూడా రాసి పంపు.